హారం తప్పిన లెక్క

2022 సెప్టెంబరు 3న అయోవా సిటీలోని కిన్నిక్ స్టేడియంలో అయోవా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సౌత్ డకోటా స్టేట్ జట్టును 7-3తో ఓడించింది. ఈ ఆట కాస్త తెలిసినవారెవరైనా ఆ ఏడును చూడగానే టచ్‌డౌన్‌కు, అంటే బంతితో ప్రత్యర్థి గోల్ గీత దాటినందుకు ఆరు, దాని వెంట వచ్చే కిక్కుకు ఒకటి అని మనసులో లెక్క కట్టేసుకుంటారు. కానీ ఆ రోజు అయోవా ఒక్క టచ్‌డౌన్ కూడా చెయ్యలేదు. ఒక ఫీల్డ్ గోల్ వల్ల, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం వల్ల మూడు పాయింట్లు వచ్చాయి. మిగిలిన నాలుగూ రెండు సేఫ్టీల వల్ల, అంటే బంతి పట్టుకున్న ప్రత్యర్థిని వాళ్ళ సొంత గోల్ గీత వెనక ఉండే ఎండ్ జోన్‌లోనే రెండుసార్లు పడగొట్టడం వల్ల వచ్చాయి. సేఫ్టీ అనేది డిఫెన్స్, అంటే ఎదుటివారిని అడ్డుకునే దళం సంపాదన. కాబట్టి స్కోరుబోర్డు మీద ఏడు కనిపిస్తున్నా అందులో ఆఫెన్స్, అంటే బంతితో దాడి చేసే దళం కష్టార్జితం మూడే.

నేను ఈ రాష్ట్రంలోనే, డి మోయిన్ నగరంలో, వాహన బీమా రేట్లు కట్టే ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఊరు బీమా కంపెనీల ఊరు. మా పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠం ఒకటుంది: ఒక పేటలో ఏడాదికి నాలుగు వందల ప్రమాదాలు జరిగాయని ఎవరైనా చెబితే భయపడకూడదు, సంతోషించకూడదు, ఎన్ని బళ్ళకు నాలుగు వందలు అని అడగాలి. చిన్నప్పుడు బడిలో చెప్పినట్టు లవం ఒక్కటే చూస్తే భిన్నం తెలియదు, కింద హారం ఉండాలి. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు ఆఫెన్స్ సమర్థమైనదా కాదా అని తేల్చడానికి టీవీలోనూ పత్రికల్లోనూ నిత్యం వాడే రెండు అంకెలు, మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లు, మ్యాచ్‌కు ఎన్ని గజాలు అనేవి, హారం తప్పిన లెక్కలని నా వాదన. మ్యాచ్ అనేది ఆఫెన్స్‌కు సరైన హారం కాదు. డ్రైవ్, అంటే బంతి దక్కినప్పటి నుంచి చేజారేదాకా సాగే ఒక వంతు, సరైన హారం. అది కూడా ఆ డ్రైవ్ ఎక్కడ మొదలైందో చూసి సరిచేసిన తరువాతనే.

ఈ వాదనకు అయోవా కంటే మంచి సాక్ష్యం దొరకదు. 2022లో మ్యాచ్‌కు సగటున 17.7 పాయింట్లతో సరిపెట్టుకున్నాక, 2023 ఫిబ్రవరిలో ఆఫెన్స్ కోఆర్డినేటర్ బ్రయన్ ఫెరెంట్స్ ఒప్పందాన్ని సవరించారు. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్స్ ఆయనకు తండ్రి కావడంతో ఆ సంగతి దేశమంతటా చర్చకు వచ్చింది. జీతం 9,00,000 డాలర్ల నుంచి 8,50,000కు తగ్గింది. ఉద్యోగం నిలవాలంటే జట్టు కనీసం ఏడు మ్యాచ్‌లు గెలవాలి, మ్యాచ్‌కు సగటున 25 పాయింట్లు చెయ్యాలి. ఇక్కడే అసలు తిరకాసు ఉంది: డిఫెన్స్ చేసిన పాయింట్లు, కిక్కులప్పుడు దిగే స్పెషల్ టీమ్స్ చేసిన పాయింట్లు కూడా ఆ 25లోకే చేరతాయి. అంటే ఆఫెన్స్ కోచ్ పనితనాన్ని కొలవడానికి పెట్టిన కొలబద్దలో ఆయన చేతిలో లేని పనులన్నీ కలిపేశారు. అంతకుముందు ఏడాది కూపర్ డెజీన్ అనే డిఫెన్స్ ఆటగాడొక్కడే మూడు ఇంటర్‌సెప్షన్లను, అంటే మధ్యలో పట్టేసిన ఎదుటివారి పాస్‌లను, టచ్‌డౌన్లుగా మార్చాడు. కొత్త ఒప్పందం ప్రకారం అవి కూడా ఆఫెన్స్ కోచ్ ఖాతాలో జమ అయ్యేవే. వంటవాడి జీతాన్ని పక్కింటి నుంచి వచ్చిన కూర రుచిని బట్టి నిర్ణయించినట్టు అనిపించింది నాకు.

డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి అలా అనిపించలేదు. అతను ఆస్టిన్‌లో చదువుకున్నవాడు, టెక్సస్ జట్టంటే ప్రాణం పెడతాడు, మా అయోవా స్కోరు చూసినప్పుడల్లా "బేస్‌బాల్ మ్యాచ్ అనుకున్నాను బావా" అని ఎత్తిపొడవకుండా ఉండలేడు. "25 అంటే 25. ఏ చేత్తో వస్తే ఏముంది?" అన్నాడు. గెలుపోటములు తేల్చేటప్పుడు ఆ మాట నిజమే. స్కోరుబోర్డుకు చేతులతో పనిలేదు. కానీ ఏ చెయ్యి పనిచేస్తోందో, ఏది పడిపోయిందో తెలుసుకోవాలంటే చేతులను విడదీసి చూడక తప్పదు. 2023లో ఆ పడిపోయిన చెయ్యి అందరికీ కనిపించింది. అయోవా 10 మ్యాచ్‌లు గెలిచి 4 ఓడింది. అదే జట్టు మొత్తం గజాల సగటులో కాలేజీ పై విభాగంలోని 133 జట్లలో చిట్టచివర నిలిచింది, పాయింట్ల సగటు 15.4 దగ్గర ఆగింది. సీజన్ సగంలో, అక్టోబరు 30న, ఆ కోచ్ మరుసటి ఏడాది ఉండరని విశ్వవిద్యాలయం ప్రకటించింది. నిర్ణయం సరైనదే కావచ్చు. అందుకు ఎంచుకున్న అంకె మాత్రం తప్పు.

డ్రైవ్ ఎందుకు సరైన హారమో చెప్పడానికి నాకు కబడ్డీయే సులువు. కబడ్డీలో ఒక జట్టు కూతకు వెళ్ళి వచ్చాక రెండో జట్టు వెళుతుంది. ఎవరు ఎంత బలమైనవారైనా రెండు జట్ల కూతల సంఖ్య దాదాపు సమానంగానే ఉంటుంది. అందువల్ల కూతకు ఎన్ని పాయింట్లు అనేది న్యాయమైన లెక్క. ఫుట్‌బాల్‌లో ఒక జట్టుకు బంతి దక్కినప్పటి నుంచి అది చేజారే దాకా, అంటే టచ్‌డౌనో, ఫీల్డ్ గోలో, పంటో (బంతిని దూరంగా తన్ని ఎదుటివారికి వదిలెయ్యడం), ఇంటర్‌సెప్షనో అయ్యేదాకా సాగేదాన్ని డ్రైవ్ అంటారు. ఆ వెంటనే బంతి రెండో జట్టుకు వెళుతుంది కాబట్టి ఇక్కడ కూడా వంతులు ఒకరి తరువాత ఒకరివి. నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, 10 గజాలు ముందుకు జరిపితే ఫస్ట్ డౌన్ దక్కి మళ్ళీ నాలుగు అవకాశాలు వస్తాయి, జరపలేకపోతే బంతి పోతుంది. ప్రో కబడ్డీలో రెండు ఖాళీ కూతల తరువాత మూడోదానిలో చావో రేవో తేల్చుకోవాల్సి వచ్చినట్టే, ఇక్కడ నాలుగో డౌన్ ఉంటుంది. ఒక్కొక్క ప్రయత్నాన్ని ప్లే అంటారు. ఒక జట్టు గంటలో 90 ప్లేలు ఆడవచ్చు, ఇంకొకటి 40 ఆడవచ్చు. డ్రైవ్‌లు మాత్రం ఇద్దరికీ ఒకటీ అరా తేడాతో సమానమే.

నేనిక్కడ 40 అన్నది ఊహించి రాసింది కాదు. 2018 సెప్టెంబరు 22న నార్మన్‌లో ఓక్లహోమా, ఆర్మీ జట్లు తలపడ్డాయి. ఓక్లహోమాకు క్వార్టర్‌బ్యాక్, అంటే ఆఫెన్స్‌ను నడిపి పాస్‌లు వేసేవాడు, కైలర్ మరే. ఆ ఏడాది కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నవాడు. ఆర్మీ అంటే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ. పాస్ అన్నది మరిచిపోయినట్టు ట్రిపుల్ ఆప్షన్ పద్ధతిలో పరుగుతోనే నెట్టుకుపోయే జట్టు. ఆ రోజు 60 నిమిషాల ఆటలో బంతి 44 నిమిషాల 41 సెకన్లు ఆర్మీ చేతిలోనే ఉంది. ఆర్మీ 87 ప్లేలు ఆడి 379 గజాలు సంపాదించింది. ఓక్లహోమా 40 ప్లేలలో 355 గజాలు సంపాదించింది. ఇప్పుడు ఎవరి ఆఫెన్స్ మెరుగైనదో చెప్పండి.

మ్యాచ్ మొత్తం గజాలు చూస్తే ఆర్మీ 24 గజాలు ముందుంది, బంతి చేతిలో ఉన్న సమయం చూస్తే పోలికే లేదు. ప్లేకు ఎన్ని గజాలో చూస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది: ఓక్లహోమాకు దాదాపు 8.9, ఆర్మీకి 4.4, అంటే రెండింతల తేడా. ఈ లెక్కను మాత్రమే నమ్మినవాడు ఓక్లహోమా చిత్తుగా గెలిచిందని పందెం కడతాడు. కానీ నాలుగు క్వార్టర్లు ముగిసేసరికి స్కోరు 21-21. ఓవర్‌టైమ్‌లో గానీ ఓక్లహోమా 28-21తో గట్టెక్కలేదు. వంతులు ఇంచుమించు సమానం, చేసిన టచ్‌డౌన్లు మూడేసి. కాబట్టి డ్రైవ్‌ను హారంగా పెట్టుకున్న లెక్క ఒక్కటే, ఈ రెండు ఆఫెన్స్‌లూ ఆ సాయంత్రం సమఉజ్జీలని నిజం చెప్పింది.

ప్లేను హారంగా వాడేవాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు ఇదే. మ్యాచ్ హారం తప్పని గ్రహించినవారు సాధారణంగా పక్కనే ఉన్న ప్లేకు గజాల లెక్క దగ్గర ఆగిపోతారు. అది మెరుగైనదే గానీ దానిలో కూడా ఒక పక్షపాతం ఉంది. మూడేసి గజాలు నాలుగుసార్లు వేస్తే పన్నెండు. నాలుగో డౌన్‌లో కూడా పంట్ కొట్టకుండా ఆడే ధైర్యం ఉన్న జట్టుకు ప్లేకు మూడు గజాలు చాలు, మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వెళ్ళవచ్చు. ఆర్మీ ఆ ఏడాది చేసింది ఇంచుమించు అదే. 11 మ్యాచ్‌లు గెలిచి, ఆఖరి బౌల్ మ్యాచ్‌లో హ్యూస్టన్ మీద 70-14తో విరుచుకుపడింది. అలాంటి జట్టును ప్లేకు ఇన్ని గజాలని కొలిచి బలహీనమైన ఆఫెన్స్ అని తేల్చడం చేప ఈతను చెట్టెక్కించి పరీక్షించడమే.

తప్పుడు కొలత మీద విసుగు కొత్తది కాదు. 1916 అక్టోబరు 7న అట్లాంటాలో జార్జియా టెక్ జట్టు కంబర్లాండ్ కాలేజీని 222-0తో ఓడించింది. నేటికీ ఈ ఆటలో అంతటి తేడా మరొకటి లేదు. ఆ మ్యాచ్‌లో ఫస్ట్ డౌన్ల లెక్క చూస్తే రెండు జట్లకూ సున్నాయే. కంబర్లాండ్ పది గజాలు ఎప్పుడూ దాటలేకపోయింది, జార్జియా టెక్ ఏమో మొదటి నాలుగు డౌన్లలోపే ప్రతిసారీ టచ్‌డౌన్ చేసేస్తుంటే కొత్త ఫస్ట్ డౌన్ అవసరమే రాలేదు. ఫస్ట్ డౌన్లతో ఆఫెన్స్‌ను కొలిచేవాడికి ఆ రోజు రెండు జట్లూ ఒకటే! అప్పటి జార్జియా టెక్ కోచ్ జాన్ హైస్మన్. పత్రికలవారు మొత్తం పాయింట్లు కూడి జట్లకు హెచ్చుతగ్గులు కట్టడం ఆయనకు గిట్టేది కాదని, అది ఎంత డొల్ల లెక్కో చూపించడానికే అలా ఆడించాడని ఒక కథ చెబుతారు. అంతకుముందు బేస్‌బాల్‌లో కంబర్లాండ్ చేతిలో 22-0తో ఓడిన కక్ష తీర్చుకున్నాడని ఇంకొక కథ. రెండోదే అసలు కారణమైనా నేను ఆశ్చర్యపోను.

ఇక డ్రైవ్ లెక్క మీద మా బావమరిది లేవనెత్తిన అభ్యంతరం మాత్రం బలమైనది. "డ్రైవ్ ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించేది డిఫెన్సూ పంటరే గదా బావా? మీ డ్రైవ్ లెక్కలో కూడా పక్కింటి కూర ఉంది." ఉంది. ప్రత్యర్థి ఫంబుల్ చేసి, అంటే బంతి జారవిడిచి, తమ గోల్ గీతకు ఐదు గజాల దూరంలో బంతి అప్పగిస్తే, అక్కడి నుంచి టచ్‌డౌన్ చేసిన ఆఫెన్స్‌కూ 95 గజాలు నడిచి టచ్‌డౌన్ చేసిన ఆఫెన్స్‌కూ ఒకే ఏడు పాయింట్లు వెయ్యడం అన్యాయం.

దీనికి మందు 1971లోనే దొరికింది. అప్పట్లో సిన్సినాటి బెంగాల్స్ తరఫున ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మాకోల్‌తో కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. 1969 ప్రొఫెషనల్ సీజన్ మ్యాచ్‌లలోని 2,852 ఫస్ట్ డౌన్ ప్లేలను తీసుకుని, మైదానాన్ని పదేసి గజాల పట్టీలుగా కోసి, ఒక్కొక్క పట్టీలో బంతి ఉన్నప్పుడు ఆ తరువాత వచ్చే మొదటి స్కోరు సగటున ఎవరికి ఎంత అనుకూలమో లెక్క కట్టాడు. ప్రత్యర్థి గోల్ గీతకు ఐదు గజాల దూరంలో బంతి చేతిలో ఉంటే దాని విలువ 6.04 పాయింట్లు. సొంత గోల్ గీతకు ఐదు గజాల దూరంలో ఇరుక్కుని ఉంటే విలువ మైనస్ 1.25. అంటే బంతి మన చేతిలో ఉన్నా మొగ్గు ఎదుటివాడి వైపే. అదే సీజన్‌లో, అంటే 1971లో, పాస్‌లు సరిగా చేరవేసిన శాతంలో ఆ లీగ్ మొత్తానికి మొదట నిలిచినవాడు కూడా ఈ కార్టరే. లెక్కలు కట్టేవాడికి మైదానం తెలియదనే ఎగతాళి అతని ముందు చెల్లదు.

ఆ పట్టికలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది గజం విలువ మారే తీరు. గోల్‌కు 35 గజాల నుంచి 25 గజాలకు చేరితే లాభం సుమారు 0.51 పాయింట్లు. 15 నుంచి 5కు చేరితే 1.47. జరిగింది రెండుసార్లూ పది గజాలే. గజాల లెక్కన స్థలాలు కొనే మనవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. గచ్చిబౌలిలో గజమూ షాద్‌నగర్ అవతల గజమూ కొలతకు ఒకటే, ధరకు కాదు. మైదానం మధ్యలో 450 గజాలు పోగేసి గోల్ దగ్గర చతికిలబడే జట్టు, ఊరి బయట ఎకరాలు కొని ఊళ్ళో అద్దెకు ఉండే మనిషి లాంటిది. మొత్తం గజాల సగటు ఆ మనిషిని భూస్వామి అంటుంది.

ఈ విలువల పట్టిక చేతిలో ఉంటే ప్రతి డ్రైవ్‌కూ ఒక ఆశించదగిన మొత్తం ఉంటుంది, ఆఫెన్స్‌ను ఆ మొత్తంతో పోల్చి చూడవచ్చు. ఐదు గజాల దగ్గర మొదలుపెట్టి ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్న ఆఫెన్స్, స్కోరుబోర్డు మీద మూడు పాయింట్లు చేర్చినా, నా లెక్కలో దాదాపు మూడు పాయింట్లు పోగొట్టింది. సొంత ఐదు గజాల దగ్గర మొదలుపెట్టి మైదానం మధ్యదాకా వచ్చి పంట్ కొట్టిన ఆఫెన్స్ ఒక్క పాయింటూ చెయ్యకపోయినా పని చేసింది. డక్‌వర్త్-లూయిస్ పద్ధతికి అలవాటుపడ్డ క్రికెట్ అభిమానులకు ఇది కొత్తగా తోచదు. మిగిలిన ఓవర్లు, చేతిలోని వికెట్లు చూసి ఇంకెన్ని పరుగులు రావచ్చో లెక్కించినట్టే, ఇక్కడ డౌన్, కావలసిన దూరం, బంతి ఉన్న చోటు చూసి ఎన్ని పాయింట్లు రావచ్చో లెక్కిస్తారు. ప్లేకు ముందున్న విలువకూ తరువాతి విలువకూ తేడాయే ఈ రోజుల్లో ఈపీఏ పేరుతో అందరూ వాడుతున్న అంకె. కార్టర్ పట్టిక ప్రొఫెషనల్ ఆటది, అరవైల నాటిది. కాలేజీ ఆటకు నేటి విలువలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం అదే.

కాలేజీ ఆటకు సంబంధించి విశ్లేషకుడు బిల్ కానెలీ వాడుకలోకి తెచ్చిన సక్సెస్ రేటు ఇంతకంటే మోటైన కొలత. అయినా నాకు దాని మీద మక్కువ ఎక్కువ, ఎందుకంటే కాగితం, పెన్సిలు ఉంటే చాలు. మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం వస్తే ఆ ప్లే సఫలం, లేకపోతే విఫలం. మూడో డౌన్‌లో 12 గజాలు కావలసినప్పుడు 11 గజాలు పరిగెత్తినవాడికి స్టేడియం చప్పట్లు కొడుతుంది, తరువాత పంటర్ వస్తాడు. ఒక గజం కావలసినప్పుడు రెండు గజాలు నెట్టుకున్నవాడికి ఎవరూ చప్పట్లు కొట్టరు, డ్రైవ్ బతుకుతుంది. గజాల లెక్క మొదటివాడిని మెచ్చుకుంటుంది, సక్సెస్ రేటు రెండోవాడిని. నా ఓటు రెండోవాడికే.

ఇంకొన్ని తిరకాసులు ఉన్నాయి, వాటిని గబగబా చెప్పేస్తాను. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ను సాక్ చేసినప్పుడు పోయిన గజాలను పరుగు ఖాతాలో కోస్తారు, ప్రొఫెషనల్ ఆటలో అయితే పాస్ ఖాతాలో కోస్తారు. పాస్ వెయ్యబోయి పడిపోయినవాడి నష్టాన్ని పరుగుకు అంటగట్టాక, ఆ జట్టు పరుగు ఆట బాగాలేదని తీర్పు చెప్పడం నాకు నవ్వు తెప్పిస్తుంది. 2023 నుంచి, ప్రతి అర్ధభాగంలో చివరి రెండు నిమిషాల్లో తప్ప, ఫస్ట్ డౌన్ తరువాత గడియారం ఆపడం లేదు. ప్లేలు తగ్గాయి కాబట్టి మ్యాచ్ సగటులను అంతకుముందు ఏళ్ళతో పోల్చడం కుదరదు. 2021కి ముందు ప్రతి ఓవర్‌టైమ్‌లోనూ బంతిని నేరుగా ప్రత్యర్థి 25 గజాల గీత దగ్గర పెట్టేవారు. 2018 నవంబరు 24న టెక్సస్ ఏ అండ్ ఎమ్, ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్) జట్లు 31-31 దగ్గర సమంగా ఆగి, ఏడు ఓవర్‌టైమ్‌ల తరువాత 74-72 దగ్గర ముగించాయి. ఎల్‌ఎస్‌యూ సీజన్ సగటులో ఆ 72 పాయింట్లూ భద్రంగా కూర్చున్నాయి, వాటిలో 41 మైదానంలో నాలుగో వంతు మాత్రమే నడిచి తెచ్చుకున్నవి. పైగా, ఏ మ్యాచ్‌లోనైనా అంతా తేలిపోయిన నాలుగో క్వార్టర్‌లో ఎదుటి జట్టు కొత్త కుర్రాళ్ళను దించాక చేసిన టచ్‌డౌన్లు కూడా ఈ సగటుల్లోకే చేరతాయి. బ్రయన్ ఫ్రెమో అనే విశ్లేషకుడు తన డ్రైవ్ లెక్కల్లో ఇలాంటి చెత్త సమయాన్నీ, అర్ధభాగం చివర గడియారం కరిగించడానికి ఆడే డ్రైవ్‌లనూ మొదటి నుంచీ తీసేస్తున్నాడు. నేను కూడా అదే చేస్తాను.

నేను చేస్తాను అన్నాను కాబట్టి నా పుస్తకం సంగతి చెప్పాలి. శనివారాల్లో ఇక్కడ మ్యాచ్ ఎక్కువగా పదకొండు గంటలకు మొదలవుతుంది. ఇంట్లో టిఫిన్ పళ్ళాలు తీసే వేళకు నేను గీతల పుస్తకం తెరిచి ఆరు నిలువు గడులు గీస్తాను: బంతి ఎక్కడ దక్కింది, అప్పటి స్కోరు ఎంత, ఎన్ని ప్లేలు, వాటిలో సఫలమైనవి ఎన్ని, ఎలా ముగిసింది, మొదలైన చోటు విలువకూ ముగిసిన చోటు విలువకూ తేడా ఎంత. ఒక్కొక్క డ్రైవ్‌కు ఒక్కొక్క అడ్డువరుస, మ్యాచ్ అయ్యేసరికి సుమారు పన్నెండు వరుసలు. పంట్‌తో ముగిసిన వరుసకు చివర నీలం చుక్క పెడతాను. 2023 పుటలు నీలం చుక్కలతో నిండిపోయి, ముగ్గు వేసినట్టు ఉంటాయి. ఆ ఏడాది అయోవా పంటర్ టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఒక్క సీజన్‌లో 4,479 గజాలు పంట్ కొట్టి జాతీయ రికార్డు నెలకొల్పాడు. అతను గొప్ప పంటర్, అందులో సందేహం లేదు. కానీ పంటర్‌కు అంత పని తగిలిందంటే ఆఫెన్స్ ఎన్నిసార్లు చేతులెత్తేసిందో ఆలోచించండి. ఆ రికార్డులో లవం ఒకరిది, హారం ఇంకొకరిది.

ఇప్పుడు నా పక్షం లెక్కలనే అనుమానించాలి. పన్నెండు మ్యాచ్‌లు, మ్యాచ్‌కు పన్నెండు డ్రైవ్‌లు అనుకుంటే సీజన్‌కు 144 డ్రైవ్‌లు. ఒక్కొక్క డ్రైవ్ ఫలితం సున్నా, మూడు, ఏడు, వీటిలో ఒకటి. అలాంటి అంకెల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, సుమారు మూడు పాయింట్లు ఉంటుంది. దాన్ని 144 వర్గమూలమైన పన్నెండుతో భాగిస్తే పావు పాయింటు. అంటే ఒక జట్టుకు డ్రైవ్‌కు 2.3, ఇంకొక జట్టుకు 2.5 వచ్చాయని తేడా చూపిస్తే అందులో నిజమైన తేడా ఉందో, ఒక ఫంబుల్ అటు దొర్లడంలో ఉందో చెప్పలేం. రెండో దశాంశ స్థానం దాకా రాసి 41వ ర్యాంకు, 47వ ర్యాంకు అని వాదించుకునేవాళ్ళను చూస్తే, మా ఆఫీసులో కొత్తగా చేరినవారు మూడు బళ్ళ అనుభవంతో రేటు కట్టిన రోజులు గుర్తొస్తాయి. సక్సెస్ రేటుకు ఈ జబ్బు తక్కువ. మ్యాచ్‌కు డెబ్బై ప్లేలంటే సీజన్‌కు 840, వాటి మీద పొరపాటు రెండు శాతంలోపే. అందుకే డ్రైవ్ లెక్కను తీర్పుకు, సక్సెస్ రేటును ఆ తీర్పు మీద నమ్మకానికి వాడతాను. మెరుపులా వచ్చే అరవై గజాల పాస్‌లు వచ్చే వారం రాకపోవచ్చు, మూడో డౌన్‌లో రెండు గజాలు నెట్టే అలవాటు మాత్రం అంత తొందరగా పోదు.

ప్రత్యర్థి ఎవరన్నది ఇంకొక పెద్ద చిక్కు. ప్రొఫెషనల్ లీగ్‌లో 32 జట్లు ఉంటే కాలేజీ పై విభాగంలో 133 జట్లు 2023లో ఆడాయి, ఒక జట్టు వాటిలో ఎనిమిదో వంతుతో కూడా తలపడదు, పైగా కింది విభాగం నుంచి ఒక జట్టును పిలిచి ఆడటం కూడా రివాజే. మా పనిలో చిన్న ఊరి బీమా అనుభవాన్ని నేరుగా నమ్మకుండా రాష్ట్ర సగటుతో కొంత కలుపుతాం, ఏళ్ళు గడిచి అనుభవం పెరిగేకొద్దీ ఆ ఊరి సొంత అంకెకు బరువు పెంచుతాం. జట్ల బలాబలాలు కట్టే కానెలీ ఎస్‌పీ ప్లస్ లెక్క కూడా సీజన్ మొదట్లో పాత చరిత్రతో కట్టిన అంచనాలను వాడి, మ్యాచ్‌లు జరిగేకొద్దీ వాటి బరువు తగ్గిస్తుంది. సెప్టెంబరులో రెండు మ్యాచ్‌లు చూసి దేశంలో ఉత్తమ ఆఫెన్స్ ఇదే అని రాసేవారికి ఆ ఓపిక లేదు. సమస్య లెక్కలది కాదు, సెప్టెంబరుది.

మా బావమరిది చివరి అస్త్రం వేరే ఉంది. అయోవా కావాలనే అలా ఆడుతుందని, గొప్ప డిఫెన్స్, గొప్ప పంటర్ ఉన్న కోచ్ ఆఫెన్స్‌తో సాహసం చేయించకపోవడమే తెలివని, అలాంటి జట్టు ఆఫెన్స్‌ను డ్రైవ్‌కు పాయింట్లతో కొలవడం అంటే ఇందాక నేనే చెప్పిన చేపను మళ్ళీ చెట్టెక్కించడమేనని అతని మాట. దీనిలో సగం ఒప్పుకుంటాను. 15-13, 13-10, 10-7 లాంటి స్కోర్లతో ఆ ఏడాది గెలిచిన మ్యాచ్‌లు ఊరికే రాలేదు, ఆ పథకం పనిచేసింది. కానీ ఆర్మీ నెమ్మదికీ అయోవా నెమ్మదికీ ఒక తేడా ఉంది. ఆర్మీ నెమ్మదిగా నడిచి గోల్ గీత దాటింది, అయోవా నెమ్మదిగా నడిచి పంటర్‌ను పిలిచింది. పథకం ఎంత తెలివైనదైనా ఆఫెన్స్ సమర్థత అనే ప్రశ్నకు జవాబు మారదు. డిఫెన్స్ ఆదుకోలేని రోజున అది బయటపడుతుంది: డిసెంబరులో అయోవా ఆడే బిగ్ టెన్ లీగ్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 26-0, నెల తిరిగి జనవరి 1న సిట్రస్ బౌల్‌లో టెనసీ చేతిలో 35-0 ఓటమి. రెండు మ్యాచ్‌లు, ఎనిమిది క్వార్టర్లు, సున్నా.

మరుసటి ఏడాది కొత్త కోఆర్డినేటర్ టిమ్ లెస్టర్ వచ్చారు. 2024లో కేలెబ్ జాన్సన్ ఒక్కడే 1,537 గజాలు పరిగెత్తాడు, జట్టు సగటు 25 దాటింది. సీజన్ అయ్యాక డల్లాస్ నుంచి ఫోను వచ్చింది. "పాతాయనకు పెట్టిన గీత కొత్తాయన దాటేశాడుగా బావా, ఇంక మీ పుస్తకం మూసెయ్యవచ్చు" అన్నాడు. మూయలేదు. పుటలు తిరగేసి అతనికి చదివి వినిపించాను: పరుగు ప్లేలలో సఫలమైనవి నిజంగానే పెరిగాయి, నీలం చుక్కలు పలచబడ్డాయి, పాస్ వెయ్యాల్సి వచ్చిన మూడో డౌన్ల దగ్గర మాత్రం అప్పటికీ పాత కథే. అతను కాసేపు విని, టెక్సస్‌కు కూడా అలాంటి పుస్తకం ఒకటి రాసి పెట్టమన్నాడు. గడులు గీసిన కాగితం ఫోటో తీసి పంపాను, చుక్కలు అతన్నే పెట్టుకోమన్నాను.